బొంత కుట్టండి, చీర మళ్ళీ నెయ్యకండి

కంప్యూటర్ సైన్స్‌లో సీటు వచ్చిందని తెలిసిన రోజు నుంచీ ఇంట్లో మనకి కొన్ని ఉద్యోగాలు ఖాయమైపోతాయి. పెద్దనాన్న ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోతే మనమే చూడాలి. ప్రింటర్ మొరాయిస్తే మనమే. పాన్ కార్డుకి ఆధార్ లింక్ అవ్వకపోయినా మనమే. ఈ లిస్టులో ఈ మధ్య ఇంకోటి చేరింది: "ఈ వీడియోలన్నీ కలిపి ఒక సినిమాలా చేసి పెట్టమ్మా." పెళ్ళిరోజు, షష్టిపూర్తి, ఓణీల ఫంక్షన్, రిటైర్మెంట్, చివరికి సంవత్సరీకం. దేనికైనా ఒక వీడియో ఉండాల్సిందే.

మనం చేసే పద్ధతి కూడా దాదాపు అందరిదీ ఒకటే. ఫ్యామిలీ గ్రూపులోంచి క్లిప్పులు దించుకుంటాం. ఫోన్‌లో ఏదో ఒక ఎడిటింగ్ యాప్ వేసుకుంటాం. క్లిప్పులు వరసగా పేర్చి, పైన ఒక సినిమా పాట పెట్టి, ఎక్స్‌పోర్ట్ నొక్కుతాం. ఫంక్షన్ హాల్లో ఎల్ఈడీ తెర మీద వేస్తే అందరూ చప్పట్లు కొడతారు. తర్వాత ఎవరో ఒకరు "సినిమా వచ్చేసింది కదా, ఇంక ఈ ముక్కలెందుకు?" అంటారు. ఒరిజినల్స్ డిలీట్ అయిపోతాయి. స్టోరేజ్ ఖాళీ అవుతుంది, అందరికీ హాయి.

నా గొడవంతా ఈ పద్ధతితోనే. ఇంటి వీడియోలని కలపడం వేరు, మళ్ళీ తయారుచెయ్యడం వేరు. మనకి కావలసింది మొదటిది. మన యాప్‌లు చేసిపెట్టేది రెండోది. ఈ తేడా ఇంట్లో మిగతావాళ్ళకి తెలియకపోతే తప్పు లేదు. మనకి తెలియాలి, ఎందుకంటే ఆ పని మన చేతికే వస్తోంది.

అమ్మమ్మలు పాత చీరలతో బొంత కుట్టడం మీలో చాలామంది చూసే ఉంటారు. నాలుగైదు చీరలు మడతలు పెట్టి, పొరలుగా పరిచి, దారంతో కుడతారు. బొంత తయారయ్యాక కూడా ఏ చీర ఏదో గుర్తుపట్టొచ్చు. అంచు అంచులాగే ఉంటుంది. కలపడం అంటే అది. మన యాప్ ఏం చేస్తుందంటే, చీరలన్నీ దారాలుగా విప్పేసి, కొన్ని దారాలు పారేసి, మిగిలినవాటితో కొత్త గుడ్డ నేస్తుంది. చూడ్డానికి ఒకటే గుడ్డ. కానీ అందులో అసలు చీర ఒక్కటీ లేదు.

డబ్బా వేరు, సరుకు వేరు

ముందు చిన్న టెక్నికల్ సంగతి. వేరే బ్రాంచిల వాళ్ళు కూడా చదవొచ్చు, కష్టమేం కాదు.

ఎంపీ4 అనేది ఒక డబ్బా. లోపల సరుకు వేరే ఉంటుంది. బొమ్మ సాధారణంగా హెచ్.264 అనే పద్ధతిలోనో, కొత్త ఫోన్లలో అయితే హెచ్ఈవీసీ అనే పద్ధతిలోనో కుదించి ఉంటుంది. మొదటిది 2003లో, రెండోది 2013లో వచ్చిన ప్రమాణాలు. శబ్దం ఎక్కువగా ఏఏసీ అనే పద్ధతిలో ఉంటుంది. పేరు చివర ఎంపీ4 అని ఉన్నంత మాత్రాన రెండు ఫైళ్ళలో సరుకు ఒకటే అని కాదు. ఆవకాయ డబ్బా, మాగాయ డబ్బా బయటికి ఒకేలా కనిపిస్తాయి కదా, అలా.

సరుకుని కుదించడం ఎలాగో చూడండి. సెకనుకి 30 బొమ్మలు ఉంటే 30నీ పూర్తిగా దాచరు. ఒక పూర్తి బొమ్మ దాస్తారు, దాన్ని కీఫ్రేమ్ అంటారు. తర్వాతి బొమ్మల్లో ఏం మారిందో అంతవరకే రాసుకుంటారు. వెనక గోడ కదలదు, దాన్ని ప్రతిసారీ రాయక్కర్లేదు. అమ్మమ్మ చెయ్యి కదిలింది, అది రాస్తారు. ఇంకా, మన కంటికి పెద్దగా ఆనని సన్న వివరాలు ముందే పారేస్తారు. పారేసినవి మళ్ళీ రావు.

ఇప్పుడు ఎక్స్‌పోర్ట్ నొక్కినప్పుడు జరిగేది ఇది. యాప్ ఆ వీడియోని పూర్తి బొమ్మలుగా విప్పుతుంది. తర్వాత మొత్తాన్నీ మళ్ళీ కొత్తగా కుదిస్తుంది. అంటే పారేసే పని రెండోసారి జరుగుతుంది. ఆ క్లిప్ అప్పటికే గ్రూపు గుండా వచ్చి ఉంటే అది మూడోసారి. ఆ సినిమాని మళ్ళీ గ్రూపులో పెడితే నాలుగోసారి. సెమిస్టర్ పరీక్షల ముందు సీనియర్ల నోట్స్ జిరాక్స్‌కి జిరాక్స్, దానికి మళ్ళీ జిరాక్స్ తీసుకుంటాం చూడండి. నాలుగో కాపీలో ఇంటిగ్రేషన్ లిమిట్స్ సున్నానో ఆరో తెలియదు. సరిగ్గా అదే.

విప్పకుండా కలపొచ్చు

మంచి వార్త ఏంటంటే, విప్పకుండా కలిపే దారి ఉంది. ఉచితంగా ఉంది, చాలా ఏళ్ళుగా ఉంది.

ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఓపెన్ సోర్స్ టూల్ పేరు మీరు వినే ఉంటారు. 2000లో ఫాబ్రీస్ బెల్లార్డ్ అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ మొదలుపెట్టాడు. క్యూఈఎమ్‌యూ ఎమ్యులేటర్ మొదలుపెట్టింది కూడా ఆయనే. క్లిప్పుల పేర్లు వరసగా ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసి, దాన్ని ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కి ఇచ్చి, కోడెక్ దగ్గర "కాపీ" అని చెప్తే చాలు. అది సరుకుని ముట్టుకోదు. ఒక డబ్బాలోంచి తీసి ఇంకో డబ్బాలో యథాతథంగా పేరుస్తుంది. ఒక్క పిక్సెల్ మారదు. విప్పడం, మళ్ళీ కుదించడం లేవు కాబట్టి గంట వీడియో అయినా ఫైల్ కాపీ అయినంతసేపట్లో అయిపోతుంది. కమాండ్లంటే చిరాకు ఉన్నవాళ్ళకి లాస్‌లెస్‌కట్, అవిడెమక్స్, ఎమ్‌కేవీటూల్‌నిక్స్ ఉన్నాయి. ఇవి కూడా ఉచితమే, బటన్లు నొక్కితే సరిపోతుంది.

"రెండు ఫైళ్ళు ఒకదాని వెనక ఒకటి అంటించేస్తే సరిపోదా, ఇంత టూల్ ఎందుకు?" అని మా రూమ్మేట్ అడిగింది. డీవీడీలో ఉండే వీఓబీ ఫైళ్ళలాంటివి కొన్ని నిజంగానే అలా అంటించొచ్చు. ఎంపీ4కి కుదరదు. దానికి లోపల ఒక విషయసూచిక ఉంటుంది, ఏ బొమ్మ ఫైల్‌లో ఎక్కడుందో అందులో రాసి ఉంటుంది. రెండు పుస్తకాలు కలిపి బైండింగ్ చేయిస్తే మొదటి పుస్తకం విషయసూచికలో రెండో పుస్తకం పేజీలు ఉండవు కదా. అందుకే ప్లేయర్ మొదటి క్లిప్ చూపించి ఆగిపోతుంది. టూల్ చేసే అసలు పని ఆ సూచికని కొత్తగా రాయడమే.

దీనికి షరతులు ఉన్నాయి, దాచను. అన్ని క్లిప్పుల కోడెక్ ఒకటే అవ్వాలి. బొమ్మ కొలత ఒకటే అవ్వాలి. శబ్దం పద్ధతి, శాంప్లింగ్ రేటు కలవాలి. ఒకే కెమెరాతో ఒకే సెట్టింగ్‌లో తీసినవైతే సాధారణంగా ఇవన్నీ కలుస్తాయి. కొన్ని కెమెరాలు పొడుగు వీడియోని వాటంతట అవే ముక్కలుగా దాస్తాయి. మెమరీ కార్డు ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఉంటే ఒక ఫైల్ 4 జీబీ దాటకూడదు కాబట్టి. ఆ ముక్కల్ని కలపడానికి ఇంతకన్నా సరైన దారి లేదు.

ముక్క కత్తిరించాలన్నా ఒక మెలిక ఉంది. విప్పకుండా కత్తిరిస్తే కీఫ్రేమ్ దగ్గరే మొదలవ్వాలి. ఫోన్ వీడియోల్లో అవి మామూలుగా సెకనుకో రెండు సెకన్లకో ఒకటి ఉంటాయి. కాబట్టి మీరు అనుకున్నదానికన్నా ఒక సెకను ముందు మొదలవుతుంది. ఇంటి వీడియోకి ఒక సెకను ఎక్కువైతే నష్టమేం లేదనుకుంటాను.

మా ఇంటి లెక్క

ఇదంతా పుస్తకంలో చదివి చెప్పట్లేదు. కిందటేడు మా అమ్మమ్మ పోయింది. అమలాపురం దగ్గర పల్లెటూరు మాది. సంవత్సరీకానికి అందరూ వస్తారు కాబట్టి ఆవిడ ఉన్న వీడియోలన్నీ కలిపి ఒకటి చెయ్యమని మావయ్య నాకు అప్పజెప్పాడు. "పది నిమిషాలు చాలమ్మా, వెనకాల మంచి పాట ఒకటి పెట్టు" అన్నాడు.

పోగేసి చూస్తే 58 ఫైళ్ళు తేలాయి. అమ్మానాన్నల పెళ్ళి వీసీడీ నుంచి మూడు. మావయ్య 2008లో కొన్న మినీడీవీ క్యామ్‌కార్డర్ టేపులు రెండిట్లోంచి 14. మిగతా 41 ఫోన్లవి, అన్నీ ఫ్యామిలీ గ్రూపులోంచి దిగినవే.

ఈ మూడు రకాలూ మూడు కాలాలు. వీసీడీ బొమ్మ 352 అడ్డం, 288 నిలువు. అంతే, ఇప్పటి ఫోన్ తెర మీద అగ్గిపెట్టంత. మినీడీవీ 720కి 576. టేపు కాబట్టి కుదింపు తక్కువ, గంటకి దాదాపు 13 జీబీ. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే ఫైర్‌వైర్ అనే పాత పోర్టు కావాలి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి అది ఉండదు. రాజమండ్రిలో ఒక పాత స్టూడియోలో మూలపడ్డ సిస్టమ్ ఒకటి దొరికితే పని అయింది. టేపులు ఇంకో పదేళ్ళు బీరువాలోనే ఉండి ఉంటే, టేపు బాగున్నా చదివే మెషీన్ దొరికేది కాదేమో. మీ ఇంట్లో టేపులు ఉంటే ఈ సెలవుల్లోనే ఆ పని చూడండి, ఇది మటుకు వాయిదా వెయ్యకండి.

ఫోన్ క్లిప్పుల సంగతి ఇంకా చిత్రం. ఫుల్ హెచ్‌డీ వీడియోకి సెకనుకి 16 మెగాబిట్లు అనుకుంటే సెకనుకి 2 మెగాబైట్లు, నిమిషానికి 120. మావయ్య ఫోన్‌లో 118 ఎంబీ ఉన్న క్లిప్ నా దగ్గరికి గ్రూపులో 9 ఎంబీగా వచ్చింది. మిగతా 109 ఎంబీ ఎక్కడికి పోయినట్టు? అమ్మమ్మ చీర అంచు, వెనకాల అటక మీద ఇత్తడి సామాను, ఎండలో ఆవిడ మొహం మీద ముడతలు, ఇవన్నీ ఆ 109లో ఉన్నాయి. పైగా ఫైల్ పేరు మారిపోయింది. తీసిన తేదీ పోయి, నాకు చేరిన తేదీ పడింది. ఏది ముందో ఏది తర్వాతో తెలియదు.

అందుకని నేను మొదట చేసిన పని కలపడం కాదు, అడగడం. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "గ్రూపులోది వద్దు, నీ ఫోన్ గ్యాలరీలో ఉన్నది కావాలి" అని వెంటపడ్డాను. పిన్నికి డాక్యుమెంట్‌గా ఎలా పంపాలో వీడియో కాల్‌లో చూపించాను. మావయ్య పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. 41లో 29కి ఒరిజినల్స్ దొరికాయి. మిగతా 12 ఇక లేవు. ఫోన్ ఎక్స్చేంజ్‌లో ఇచ్చేశాం అన్నారు, మెమరీ కార్డు పోయింది అన్నారు, "గ్రూపులో ఉంది కదా అని తీసేశానే" అన్నారు. ఆ 12 క్లిప్పులకి ఇప్పుడు ప్రపంచంలో గళ్ళు గళ్ళుగా ఉన్న కాపీ ఒక్కటే దిక్కు.

తర్వాత రకాల వారీగా విడగొట్టాను. వీసీడీవి ఒక భాగం, టేపులవి ఒక భాగం, ఒక్కో ఫోన్‌వి ఒక్కో భాగం. ఏ భాగానికి ఆ భాగం కాపీ పద్ధతిలో కలిపాను. నిలువుగా తీసినవి, అడ్డంగా తీసినవి వేరుగా ఉంచాను. ఫోన్ నిలువుగా పట్టుకుని తీసినా చాలా ఫోన్లలో లోపల బొమ్మ అడ్డంగానే ఉంటుంది, "దీన్ని తిప్పి చూపించు" అని ఒక చీటీ మాత్రం పక్కన ఉంటుంది. కలిపినప్పుడు మొదటి క్లిప్ చీటీనే అన్నిటికీ వర్తిస్తుంది. అప్పుడు అత్తయ్య పక్కకి పడుకుని హారతి ఇస్తూ కనిపిస్తుంది.

చివరికి ఎనిమిది భాగాలు, నాలుగున్నర గంటలు. ఎనిమిదిటినీ ఒకే వరసలో చూపించడానికి ఒక ప్లేలిస్ట్ ఫైల్ రాశాను. వీఎల్‌సీలో దాన్ని తెరిస్తే మొదటి నుంచి చివరిదాకా ఒకే సినిమాలా నడుస్తుంది. ఆ ప్లేలిస్ట్ సైజు ఒక కేబీ కూడా లేదు. ఇంటి సినిమా అంటే నా దృష్టిలో అదే, ఏ క్లిప్ తర్వాత ఏ క్లిప్ అని చెప్పే ఒక జాబితా. క్లిప్పులు క్లిప్పుల్లాగే ఉన్నాయి.

తప్పనిసరైతే ఒక్కసారే

ప్లేలిస్ట్ టీవీకి పెట్టలేం, అమెరికాలో ఉన్న అక్కకి పంపలేం, ఒకే ఫైల్ కావాలి అంటారు. న్యాయమే. రకరకాల కొలతలున్న క్లిప్పులు ఒకే ఫైల్ అవ్వాలంటే విప్పి మళ్ళీ కుదించక తప్పదు. అప్పుడు నేను పెట్టుకున్న నియమాలు ఇవి.

ఒకటి, ఒరిజినల్స్ నుంచే, ఒక్కసారే. ముందు ఒక యాప్‌లో కత్తిరించి, ఇంకో యాప్‌లో కలిపి, మూడోదాంట్లో పాట పెడితే మూడు జిరాక్స్‌లు అయినట్టు. చెయ్యాల్సినవన్నీ ఒకే ప్రాజెక్టులో చేసి చివర ఒకేసారి ఎక్స్‌పోర్ట్ చెయ్యాలి.

రెండు, సైజు చూసి కాకుండా నాణ్యత చూసి సెట్ చెయ్యాలి. ఎక్స్264లో సీఆర్ఎఫ్ అని ఒక అంకె ఉంటుంది. మనం ఏమీ చెప్పకపోతే 23 తీసుకుంటుంది. అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది, ఫైల్ కూడా పెరుగుతుంది. 18 పెడితే మామూలు కంటికి తేడా దొరకడం కష్టం.

మూడు, లేనిది పుట్టించొద్దు. 352 అడ్డం ఉన్న వీసీడీ బొమ్మని 1920కి లాగితే వివరం పెరగదు, మసక పెద్దదవుతుంది. ఈ మధ్య ఏఐ టూల్స్ మొహాలు నున్నగా చేసి ఇస్తున్నాయి. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ టూల్ మా తాతయ్య మొహం ఎప్పుడూ చూడలేదు. తాతయ్య కన్ను అది గీసింది, కెమెరా తీసింది కాదు. సరదాకి ఒక కాపీ చేసుకోండి, దాన్నే అసలు అనుకుని దాచకండి.

నాలుగు, ఫ్రేమ్ రేట్ చూసుకోవాలి. మన దేశపు పాత క్యామ్‌కార్డర్లు, వీసీడీలు సెకనుకి 25 బొమ్మలు. ఫోన్లు ఎక్కువగా 30. పైగా ఫోన్లు చీకట్లో తీసేటప్పుడు ఈ వేగాన్ని తగ్గిస్తూ పెంచుతూ ఉంటాయి. చూసుకోకుండా కలిపితే కదలిక తడబడుతుంది, కొన్నిసార్లు మాట ముందు, పెదవి వెనక అవుతుంది.

గొంతు కూడా క్వాలిటీయే

ఇంతవరకు బొమ్మ గురించి మాట్లాడాను. కానీ క్వాలిటీ అంటే బొమ్మే అనుకోవడం దగ్గరే మన ఇళ్ళల్లో పెద్ద నష్టం జరిగింది. ఇదే నేను అసలు చెప్పాలనుకున్నది.

మన అమ్మానాన్నల తరం పెళ్ళి క్యాసెట్లు గుర్తు చేసుకోండి. పెళ్ళికూతురు తామరపువ్వులోంచి రావడం, పెళ్ళికొడుకు గుండె గుర్తులో తిరగడం, అదంతా నవ్వుకోవడానికి బాగుంటుంది. కానీ ఆ క్యాసెట్లలో చాలావాటిలో మనుషుల గొంతులు లేవు. మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలే. మా ఇంట్లో పెళ్ళి వీసీడీలో ఒక చోట మా తాతయ్య పందిట్లో నిలబడి ఎవరితోనో ఏదో చెప్తూ నవ్వుతారు. పదకొండు సెకన్లు. నేను పుట్టకముందే ఆయన పోయారు. ఆయన గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు, ఎందుకంటే ఆ పదకొండు సెకన్ల మీద డ్యూయెట్ ఉంది. కెమెరా మైక్ ఆ మాటని పట్టుకునే ఉంటుంది. మిక్సింగ్‌లో తీసేశారు. పెళ్ళి వీడియో అంటే అలాగే ఉండాలని అప్పట్లో అందరూ అనుకునేవారు, తీసినాయన్ని అని లాభం లేదు.

ఇరవై ఏళ్ళ తర్వాత మన చేతిలో అంతకన్నా మంచి టూల్స్ ఉన్నాయి, మనమూ అదే పని చేస్తున్నాం. యాప్‌లో "ఒరిజినల్ సౌండ్ మ్యూట్" అనే బటన్ ఎంత పెద్దగా, ఎంత అందుబాటుగా ఉంటుందో గమనించారా?

అమ్మమ్మ క్లిప్పుల్లో 2019 ఎండాకాలంలో ఆవకాయ పెడుతున్నది ఒకటి ఉంది. నాలుగు నిమిషాలు. పైన ఫ్యాన్ చప్పుడు, బయట ఎవరో పిలుస్తున్నారు. మూడోనాడు తిరగకలపాలని, అప్పుడు ఉప్పు చూసుకోవాలని అమ్మమ్మ పిన్నికి చెప్తూ ఉంటుంది. చివర్లో జాడీ చూపించి ఒక మాట అంటుంది. గ్రూపులో వచ్చిన కాపీలో అది ఫ్యాన్ హోరులో "వాసన కట్టాలి" అన్నట్టు వినపడుతుంది. వాసన కట్టడం ఏంటో మా కజిన్స్ ఎవరికీ అర్థం కాలేదు. పిన్ని ఫోన్‌లో ఒరిజినల్ దొరికాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. "వాసెన కట్టాలి." అమ్మని అడిగితే చెప్పింది, జాడీ మూతి మీద గుడ్డ వేసి చుట్టూ తాడుతో బిగించి కడతారే, దాన్ని వాసెన అంటారట.

ఇంగ్లీష్ మీడియంలో చదువుకున్నదాన్ని. పదో తరగతి దాకా నాకు తెలుగు అంటే ఒక సబ్జెక్టు. ఆ మాట నాకు ఏ క్లాసులోనూ తగల్లేదు. మా ఇంట్లో ఆ మాట వాడే మనిషి ఒక్కరే ఉండేవారు, ఇప్పుడు ఆవిడ లేరు. బిట్‌రేట్ తగ్గితే ఏం పోతుందని ఎవరైనా అడిగితే నేను ఇంక పిక్సెళ్ళ గురించి మాట్లాడను. ఒక మాట పోతుంది అని చెప్తాను. పాట కింద కప్పేస్తే నాలుగు నిమిషాల మాటలు మొత్తం పోతాయి.

మన క్లబ్‌లో తెలుగు పదాలు పోతున్నాయని ప్రతి మీటింగ్‌లో బాధపడుతుంటాం. పోతున్న పదాలు చాలావరకు మన ఫోన్లలోనే ఉన్నాయి, మ్యూట్ చేసి ఉన్నాయి.

"అంతసేపు ఎవరు చూస్తారే?"

మావయ్య అన్నది ఇదే. నిజమే, నాలుగున్నర గంటలు ఎవరూ కూర్చుని చూడరు. సంవత్సరీకానికి వచ్చినవాళ్ళు భోజనాలు చేసి బస్సు అందుకోవాలి. అందుకని పన్నెండు నిమిషాలది ఒకటి వేరే చేశాను. అందులో పాట పెట్టాను, కానీ అమ్మమ్మ మాట్లాడే చోటల్లా పాట తగ్గించాను. మావయ్య సంతోషించాడు. నేనూ సంతోషించాను. ఆ పన్నెండు నిమిషాల మీద నాకే ఫిర్యాదూ లేదు. అది శుభలేఖ లాంటిది. శుభలేఖ అందంగా అచ్చువేయించుకుంటాం, కానీ శుభలేఖ ఉంది కదా అని పెళ్ళి మానెయ్యం.

పైగా, ఏది బాగుంది, ఏది బోర్ అని ఇవాళ తేల్చే హక్కు మనకి ఎంతవరకు ఉంది? ఎడిటింగ్‌లో మనం ముందు తీసేసేవి కెమెరా ఊగినవి, ఎవరూ నవ్వనివి, ఊరికే గిన్నెలు తోముతున్నవి. పాతికేళ్ళ తర్వాత చూసేవాళ్ళకి ఆ గిన్నెలే కావాలేమో. పెరట్లో నుయ్యి, గోడ మీద క్యాలెండర్, వెనకాల టీవీలో వస్తున్న యాడ్, ఇవేవీ తీసినవాళ్ళు కావాలని తీసినవి కావు.

రెండో అభ్యంతరం స్టోరేజ్. మా మొత్తం మెటీరియల్ 40 జీబీ లోపే. అందులో 26 టేపులవే. హాస్టల్లో మన ల్యాప్‌టాప్‌లలో ఒక్క గేమ్ అంతకన్నా ఎక్కువ చోటు తింటోంది. రెండు హార్డ్‌డిస్కుల్లో రెండు చోట్ల పెట్టాను, ఒకటి మా ఇంట్లో, ఒకటి పిన్ని ఇంట్లో. ఒకే చోట రెండు కాపీలు పెడితే వరదొచ్చినా దొంగొచ్చినా రెండూ ఒకేసారి పోతాయి. కోనసీమ వాళ్ళకి వరద గురించి వేరే చెప్పక్కర్లేదు.

మూడోది నన్ను నేనే అడుగుతున్న ప్రశ్న. అన్నీ దాచిపెట్టి ఏం చేస్తాం? దాచిందంతా ఎవరూ చూడకపోతే అది పోయినట్టే కదా? దీనికి నా సమాధానం పేర్లు. ప్రతి ఫైల్‌కీ తేదీ, ఊరు, ఎవరున్నారు, ఏం చేస్తున్నారు అని పేరు పెట్టాను. ఈ పనిని ఏ టూలూ చెయ్యలేదు. ఆ క్లిప్‌లో వెనక కూర్చున్న ముసలాయన ఎవరో అమ్మకి తెలుసు, నాకు తెలియదు, నా తర్వాతివాళ్ళకి అసలే తెలియదు. రెండు ఆదివారాలు అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని రాయించుకున్నాను. పేరు ఉంటే వెతికితే దొరుకుతుంది. దొరికితే చూస్తారు.

మిమ్మల్ని అడిగేది

ఈ సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు మీకు కూడా ఎవరో ఒకరు ఈ పని అప్పజెప్తారు. చెయ్యండి. కానీ గ్రూపులోది తీసుకోకుండా తీసినవాళ్ళ ఫోన్‌లోది అడగండి. ఒకే రకం క్లిప్పుల్ని విప్పకుండా కలపండి. ఫంక్షన్ కోసం చిన్న వీడియో చెయ్యాలంటే విడిగా చెయ్యండి. మ్యూట్ నొక్కేముందు ఒక్కసారి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మొత్తం వినండి. ఫైళ్ళకి పేర్లు పెట్టండి. ఎవరైనా "సినిమా వచ్చేసింది కదా, ముక్కలు తీసెయ్" అంటే మాత్రం ఒప్పుకోకండి.

ఇంట్లో అందరికన్నా ఇది బాగా తెలిసినవాళ్ళం మనమే. ఆ మాత్రం పట్టుబట్టకపోతే, మన పిల్లలు కూడా మన అమ్మానాన్నల పెదవులు కదలడం చూస్తూ సినిమా పాట వింటారు.